నుడికి నడత ప్రాస

బసవ జయంతి సమీపించు దినములలో జహీరాబాదు ప్రాంతపు వీరశైవ గృహములందును, మఠములందును కొత్త పాటలు పుట్టుచుండును. ఒకరు భజన మండలి కొరకు కీర్తన వ్రాయుదురు. మరియొకరు బడిపిల్లలచేత పాడించుటకు నాలుగు పంక్తుల గేయము కూర్చుదురు. పద్యవిద్యలో కొంత పరిచయము కలవారు కందమో, ద్విపదయో ప్రయత్నింతురు. వ్రాయువారందరును ఏదో యొక పంక్తికడ ఆగక తప్పదు. భావము మనస్సులో సిద్ధముగా నున్నది. ప్రాస మాత్రము కుదరలేదు. అప్పుడు వెదకులాట మొదలగును. ఈ మాటతో కలిసి మ్రోగెడి మాట యేది? చూచుటకు ఇది పద్యరచనలోని చిన్న చిక్కు. కాని దీనిలో నొక ధర్మప్రశ్న దాగియున్నది. చెవికి కుదిరి మనస్సునకు కుదరని మాటను భక్తుడు తన పాటలోనికి రానీయవచ్చునా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుట తగదని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా ప్రాస యనగా నేమో నిశ్చయించుకొనవలెను. పంక్తుల చివర ఒకే తీరున మ్రోగు అక్షరములను నేటి వాడుకలో ప్రాస యనుచున్నారు. అది అంత్యప్రాస. తెలుగు ఛందస్సులో ప్రాస యన్నంతనే స్ఫురించునది పాదములోని రెండవ యక్షరము. పద్యములోని పాదములన్నిటను రెండవ యక్షరమందలి హల్లు ఒక్కటియే కావలెను. దానిపై అచ్చు మారవచ్చును. దానికి ముందున్న తొలియక్షరము ఒక పాదమున లఘువైనచో అన్ని పాదములందును లఘువే యుండవలెను. గురువైనచో గురువే యుండవలెను. ప్రాసస్థానమున సంయుక్తాక్షరమున్నచో అన్నిటను అదే సంయుక్తము రావలెను. ప్రాసకు ముందు సున్న యున్నచో అన్నిటను సున్న యుండవలెను. ఉత్పలమాల, చంపకమాల, కందము మొదలగువానికి ఈ నియమము కలదు. ఆటవెలది, తేటగీతి, సీసములకు లేదు. వానియందు యతికి బదులుగా ప్రాసయతి చెల్లును. ద్విపదలో రెండు పాదములకు ప్రాస కుదిరిన చాలును. ఆ ప్రాసయు లేని ద్విపదను మంజరీ ద్విపద యందురు.

ఈ నియమముతో చూచినచో ‘బసవ’ యను మాటకు ‘దాసోహము’ ప్రాస కాదు. రెంటను సకారమున్నను మొదటిదానిలో ‘బ’ లఘువు, రెండవదానిలో ‘దా’ గురువు. ‘నుడి’ యను మాటకు ‘నడత’ ప్రాస యగును. రెంటను తొలియక్షరము లఘువు, రెండవది డకారము. కన్నడములో ‘నుడి’, ‘నడె’ యన్నను ప్రాస చెడదు. బసవేశ్వరుని బోధయంతయు ఈ రెండు మాటల నడుమ నున్నదని పెద్దలు చెప్పుదురు. ఆ రెండును ప్రాసకు కుదిరియుండుట కవికి సంతోషమును కలిగించు విషయము. అయితే అక్షరములు రెండును కలసినంత సులభముగా నుడియు నడతయు బ్రదుకులో కలియవు. ప్రాసకు సంబంధించిన ధర్మప్రశ్న యంతయు ఇచ్చటనే యున్నది.

ఒక ఉదాహరణము చూతము. పాట వ్రాయువాడొకడు మొదటి మూడు పంక్తులను ‘గానము’, ‘ధ్యానము’, ‘జ్ఞానము’ అను మాటలతో ముగించినాడనుకొందము. నాలుగవ పంక్తిలో కల్యాణపురమున బసవేశ్వరుని యింట జంగమములకు జరిగిన అన్నసేవను చెప్పవలెను. చెవి వెంటనే ‘దానము’ అను మాటను అందించును. తాళము తప్పదు; అంత్యప్రాస చక్కగా కుదురును; వినువారును తల యూపుదురు. కాని అతడు చెప్పదలచినది దాసోహము. దానములో నిచ్చువాడు ఒక మెట్టు పైనను, పుచ్చుకొనువాడు ఒక మెట్టు క్రిందను నిలుతురు. దాసోహములో నిచ్చువాడే దాసుడు. కాయకము చేసి సంపాదించిన దానిని గురు లింగ జంగమములకు సమర్పించుచు, తాను దాత ననెడి తలపును దరిచేరనీయకుండుటయే దాసోహము. శరణులు ఏ భేదమును తొలగించుటకు ఈ మాటను నిలబెట్టిరో, ఆ భేదమును ఒక్క ప్రాస మరల తెచ్చి పాటలో కూర్చుండబెట్టినది. వ్రాసినవాడు సిద్ధాంతమును ఎరుగనివాడు కాడు. ఉపన్యాస మిమ్మన్నచో ఈ రెంటికి గల భేదమును తానే వివరించి చెప్పగలడు. పాటలో మాత్రము చెవి చెప్పినట్లు వినినాడు.

ఒక మాట మారినంత మాత్రమున ఏమి మునిగిపోయినదని కొందరు అడుగవచ్చును. మునిగినది కొంచెము కాదు. ఉపన్యాసము విని మరచిపోవుదురు, పాట మరువరు. ప్రాసకు గల బలమే అది. ఒకే ధ్వని మరల వచ్చునని చెవి యెదురుచూచుచుండును, వచ్చినప్పుడు తృప్తినొందును, ఆ తృప్తితో కలిసి మాటయు మనస్సున నాటుకొనును. వ్రాత లేని యింటిలోను పాట నిలుచుటకు కారణమిదియే. కావున ప్రాసతో కూడిన సత్యము ఎంతకాలము జీవించునో, ప్రాసతో కూడిన అసత్యమును అంతకాలము జీవించును. ఆరేండ్ల బాలిక బసవ జయంతినాడు ‘దానము’ అని పాడినచో, ఆమె పెద్దదై గ్రంథములు చదివి తన మాటను సవరించుకొనువరకు బసవన్న ఆమె మనస్సులో ఒక ధనిక దాతగానే యుండును. అసలు సవరించుకొను అవకాశమే ఆమెకు కలుగకపోవచ్చును.

ప్రాసలో మరియొక ప్రలోభము కలదు. అది తప్పించుకొనుటకు దారి చూపును. సభలలో స్వాములను, దాతలను, పెద్దలను పొగడుచు పద్యములు చదువుట మన ఆచారము. అందులో గుణమున్నచోట గుణమును చెప్పుట న్యాయమే. కాని దాతపేరునకు ప్రాస కుదిరినదని అతనిలో లేని గుణమును అంటగట్టుటయు, రెండు గదులు కట్టించినవానిని కల్పవృక్షమనుటయు, ఎన్నడును తగవు తీర్పనివానిని ధర్మమూర్తి యనుటయు తరచుగా జరుగుచున్నవి. ఎవరైన ప్రశ్నించినచో వ్రాసినవాడు నవ్వి, ‘ప్రాస కొరకు పడినది’ అనును. మాట తనది, సంతకము తనది, మెప్పును తనదే. బాధ్యత మాత్రము ప్రాసది! వచనములో చెప్పుటకు సిగ్గుపడు మాటను పద్యములో చెప్పుటకు సిగ్గు లేకపోయినచో ఆ పద్యము ముసుగే యగును.

బసవేశ్వరుడు ఈ ముసుగును వలదనెను. ఒక వచనమున తనకు తాళముల కొలతలు గాని, ఛందోగణముల భేదములు గాని తెలియవనియు, కూడలసంగమదేవునిపై ప్రేమ యెట్లు పలికించిన అట్లు పాడుదుననియు చెప్పుకొనెను. మరియొక వచనమున మాట యెట్లుండవలెనో చెప్పుచు ముత్యాలహారమును, మాణిక్యకాంతిని, స్ఫటికమును ఉపమానములుగా తెచ్చెను. లింగము మెచ్చునట్లు మాట యుండవలెననెను. మాటకు తగిన నడత లేనిచో దేవుడు సంతోషింపడని ముగించెను. ఇచ్చట గమనింపవలసిన దేమనగా, మాట యందముగా నుండరాదని ఆయన చెప్పలేదు. ముత్యము వంటి అందమును కోరినాడు. స్ఫటికమునుండి చూపు ఆవలికి పోవును. మాటనుండియు చూపు ఆవల నున్న నడతపైకి పోవలెను. మాట తన మెరుపుతోనే చూపును కట్టివేసినచో అది స్ఫటికము కాజాలదు.

అట్లయినచో ప్రాసను విడిచివేయుటయే మేలు కదా యని తోచవచ్చును. ఇట్లు తలచినవారు పలువురు కలరు. కన్నడ కవిత్వములో శతాబ్దములుగా తప్పనిసరియై వచ్చిన ద్వితీయాక్షర ప్రాసను 20వ శతాబ్దారంభమున మంజేశ్వర గోవింద పై విడిచిపెట్టగా పండితులలో పెద్ద వాదము నడిచెను. ఆంగ్లకవి మిల్టను 1667లో వెలువరించిన ‘పారడైజ్ లాస్ట్’ కావ్యమును అంత్యప్రాస లేకయే వ్రాసి, దాని తరువాతి ప్రతులలో చేర్చిన చిన్న వివరణమున ప్రాసను ఒక బంధనముగా నిరసించెను. బంధనమను మాటలో సత్యము కొంత కలదు. కాని ప్రాస లేని వచనములోను అసత్యమాడువారు లేకపోలేదు. అంగడిలో కల్లలాడువాడు ఛందస్సు నేర్చుకొని ఆడుటలేదు. కావున దోషము ప్రాసయందు లేదు. మాటను ఎన్నుకొను మనస్సునందున్నది. ప్రాస ఆ మనస్సును పరీక్షించును.

ఈ పరీక్షలో నెగ్గిన మహాకవి మన పాల్కురికి సోమనాథుడు. వచనములకు పుట్టినిల్లయిన బసవమార్గమును తెలుగువారి కందించుటకు పూనుకొన్న ఈ కాకతీయుల కాలపు కవి, ఛందస్సును విడువలేదు. రాజాస్థానములలో గౌరవమందుచున్న వృత్తములను తన పురాణమునకు వాహనముగా చేసికొననూలేదు. జానుతెనుగు అందరికిని సమానముగా అందునని, బసవపురాణమును ఏడాశ్వాసముల ద్విపదకావ్యముగా రచించెను. గద్యపద్యములకంటె ద్విపదను తక్కువగా నెంచరాదనియు, కొద్దిపాటి యక్షరములలో గొప్ప యర్థమును నిలుపుటయందే కవియొక్క వివేకమున్నదనియు ఆ గ్రంథావతారికలో భావించెను. తరువాత పండితారాధ్య చరిత్రమునకును ద్విపదనే గ్రహించెను. యతిస్థానమున ప్రాసయతిని దేశిమార్గముగా స్వేచ్ఛతో వాడెను.

ఈ ఎంపికలోని నేర్పును లెక్కతో చూడవచ్చును. ఉత్పలమాలలో నొక భావము చెప్పవలెనన్న ఒకే ప్రాసకు నాలుగు మాటలు కావలెను. వానిలో మొదటి రెండు సహజముగా వచ్చును, మూడవదానికి వెదకవలెను, నాలుగవది పలుమారు బలవంతముగా వచ్చును. ద్విపదలో రెండు చాలును. రెండు పాదములు ముగియగనే కొత్త ప్రాస. కొత్త మాటకు చోటు. కథ పరుగెత్తుచుండగా కవి వ్యర్థపదములను మోయవలసిన పని తగ్గును. ప్రాసవలన కలుగు జ్ఞాపకశక్తి నిలిచినది; ప్రాసకొరకు చేయు అప్పు తగ్గినది. భీమకవి 1369లో ఈ కథనే కన్నడమున భామినీ షట్పదిలో రచించినప్పుడు ఒక్కొక్క పద్యమున ఆరు పాదములకును ఒకే ప్రాసను నడుపవలసి వచ్చెను. ఆయన దానిని నిర్వహించి కీర్తి పొందెను. అట్లే సోమనాథుడును వృషాధిప శతకమున నాలుగు పాదముల వృత్తములను నడిపెను. కావున నియమము ఎక్కువైనంతనే అసత్యము పుట్టునని చెప్పరాదు. తన శక్తికి మించిన నియమమును నెత్తికెత్తుకొన్నవాడు మాత్రము దాని భారమును సత్యముపై మోపును.

శక్తికి తగినంతయే గ్రహింపవలెనను ఈ మాట శరణులకు కొత్త కాదు. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మన యిండ్లలో అందరికిని తెలిసినదే. నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, దానితో జంగమ దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించిన దానిని కోరుట భక్తులకు తగదని, మిగిలినదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. బియ్యము దొంగిలించినది కాదు, చెడినదియు కాదు. అయినను అది వారి కాయకపు కొలతకు చెందినది కాదు.

ప్రాస కొరకు మాటలు ఏరువాడును మారయ్య వంటివాడే. భాష యను అంగణమున ఎందరో విడిచిన గింజలను అతడు ఏరుకొనుచున్నాడు. ఏరుటలో తప్పు లేదు. పూర్వులు అమరకోశమును కంఠస్థము చేసిరి. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహమును, ఆడిదము సూరకవి ఆంధ్రనామ శేషమును పద్యములలో కూర్చియుంచిరి. ఒక యర్థమునకు పలుమాటలు తెలిసినచో యతికో, ప్రాసకో ఒకటి కుదురునని వానిని కవులు నేర్చుచుండిరి. కాకునూరి అప్పకవి 17వ శతాబ్దమున యతిప్రాసల భేదములను విస్తరించి వ్రాసెను. నేడు ఒక మాటను చేతిలోని ఫోనులో వ్రాసిన, దానితో మ్రోగెడి మాటల పట్టిక క్షణములో కనబడుచున్నది. నిఘంటువు వలెనే ఇదియు ఒక సాధనము. దీనిని నిందింప బనిలేదు. కాని పూర్వము నాలుగు గింజలు దొరకుటకు దినమంతయు పట్టుచుండెను. ఇప్పుడు క్షణములో బస్తా నిండుచున్నది. ఏరుట సులభమైనకొలది, ఎక్కువైనదానిని తిరిగి పోసి రమ్మను లక్కమ్మ మరింత అవసరమగును. ప్రతి కవికిని తన యింటిలో నొక లక్కమ్మ యుండవలెను. లేనిచో తన మనస్సునే లక్కమ్మగా చేసికొనవలెను.

ఇది పనిలో నెట్లుండునో చూతము. ‘బసవ’ యను మాటతో పాదము మొదలైనదనుకొందము. లఘువుపై సకారము గల మాటలను ఏరినచో పసిడి, కసవు, ఉసురు, ముసుగు, విసుగు, మిసిమి, కొసరు, పస మొదలగునవి దొరకును. ఛందస్సు దృష్టిలో ఇవి యన్నియు సమానములే. ధర్మదృష్టిలో ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్న. ‘పసిడి’ యని చేర్చి బసవన్నను బంగారుతో నలంకరించుట చాల తేలిక. కాని ధనవంతులు దేవునికి గుళ్లు కట్టింతురు, పేదవాడనైన నేనేమి చేయుదునని విలపించి, తన కాళ్లే స్తంభములు, దేహమే దేవళము, శిరస్సే బంగారు కలశమని చెప్పినవాడాయన. ఆ శిరస్సును తలచి ‘పసిడి’ యన్నచో మాట సత్యము; విగ్రహమునకు తొడిగిన తొడుగును తలచి యన్నచో అదే మాట ఆయన బోధకు ఎదురు నడచును. ‘ఉసురు’ యను మాట సామాన్యముగా కనబడును. కాని శరణుల కష్టములు చెప్పు పాటలో అదియే ప్రాణము పోయవచ్చును. పట్టిక మాటల నిచ్చును. మాటయొక్క యోగ్యతను పట్టిక చెప్పలేదు.

కొన్నిచోట్ల ప్రాస కుదురుట కష్టము కాదు. మిక్కిలి సులభమగుటయే ప్రమాదము. అంగము, లింగము, జంగమము, సంగము: మన మతములోని ముఖ్యపదములే సున్నతో కూడిన గకారముపై వరుసగా నిలిచియున్నవి. వీనిని నాలుగు పాదములకు తలలో ఉంచిన పద్యము ఒక గడియలో సిద్ధమగును. వెంటనే ‘బంగారము’ కూడ పిలువకయే వచ్చి కూర్చుండును. వినువారికి సిద్ధాంతము వినినట్లే యుండును. చెప్పినది మాత్రము శూన్యము. అట్లే భక్తి, ముక్తి, శక్తి, యుక్తి యనునవి ఒకదానివెంట నొకటి వచ్చుటకు అలవాటుపడిన మాటలు. భక్తి యన్నంతనే ముక్తి యని ముగించుటవలన భక్తి యొక బేరముగా మారును. ఇంత ఇచ్చినచో ఇంత వచ్చునన్నట్లుండును. కాయకమునందే కైలాసమును చూచిన మార్గమునకు ఈ బేరము సరిపడదు. ప్రాస కష్టమైనచోట కవి మేలుకొనియుండును, సులభమైనచోట నిదురపోవును.

ఇక మొదటి ఉదాహరణమునకు వత్తము. ‘దాసోహము’ అను మాటను విడువరాదని వ్రాయువాడు నిశ్చయించుకొన్నాడు. అప్పుడతడు చేయవలసినదేమి? సామాన్యముగా ముందు వ్రాసిన పంక్తిని స్థిరముగా నుంచి తరువాతి పంక్తిని దానికి వంచుదురు. ఇచ్చట దారి తిరుగవలెను. విడువరాని మాట యేదో ముందు నిలిపి, మార్చదగిన పంక్తిని దానికి అనుగుణముగా మార్చవలెను. ‘గానము’, ‘ధ్యానము’ ఎంత యందముగా నున్నను అవి తొలగవచ్చును, దాసోహము తొలగరాదు. ఇప్పుడు గురువుపై సకారము గల మాటలను వెదకినచో ఆస, బాస, మోసము, వీసము, రాసి, పూస, దోసిలి యని వచ్చును. ‘దోసిలి’యొద్ద మనస్సు ఆగును. పుచ్చుకొనువాడు దోసిలి పట్టుట లోకమెరిగినది. దాసోహములో నిచ్చువాడును దోసిలితోనే నిలుచును. తన చేతిలోనున్నది తనది కాదను ఎరుకతో నిలుచును. ఈ తలపు వ్రాయువానికి ముందు లేదు. ప్రాస వెదకుచుండగా దొరికినది. చెవి చెప్పినట్లు వినినప్పుడు ప్రాస అర్థమును దొంగిలించినది. అర్థమును కాపాడుకొని వెదకినప్పుడు అదే ప్రాస ఒక అర్థమును కానుకగా నిచ్చినది.

ఇచ్చట నొక చిక్కు ప్రశ్న కలుగును. ప్రాస వెదకుచుండగా దొరికిన తలపు కవిదా, ప్రాసదా? తాను ముందు తలపనిదానిని తనదిగా చెప్పుట కూడ ఒక విధమైన అసత్యము కాదా? దీనికి సమాధానము మన యిండ్లలోనే యున్నది. జంగముడు పిలిచినప్పుడే రావలెనని లేదు. పిలువకయే వాకిట నిలుచును. గృహస్థుడు ఆయనను తాను సృష్టింపలేదు. గుర్తించి లోనికి ఆహ్వానించినాడు. ఆ గుర్తించుటయే గృహస్థుని ధర్మము. వేషము మాత్రమే గలవాడు వచ్చినప్పుడు వానినిగూడ గుర్తింపవలెను. మాటయు నట్లే. అది యెక్కడినుండి వచ్చినదనునది ముఖ్యము కాదు. వచ్చినపిదప కవి దానికి పూచీ పడగలడా యనునదే ముఖ్యము.

పూచీ పడగలడో లేదో తెలిసికొనుటకు ఒక తేలికయైన పరీక్ష కలదు. పంక్తిలోని ప్రాసను తీసివేసి, ఆ భావమునే వాడుకమాటలతో ఎదుటివానికి చెప్పి చూడవలెను. అప్పుడును తల ఎత్తి చెప్పగలిగినచో ఆ మాట తనది. ‘బసవన్న గొప్ప దాత’ యని వచనములో చెప్పుటకు నోరు వెనుదీసినచో పద్యములోను చెప్పరాదు. ‘ఇచ్చువాడును దోసిలి పట్టవలెను’ అని వచనములో చెప్పినను తలవంపు లేదు. పైగా వినువాడు ఒక క్షణము ఆలోచించును. దాతను పొగడు పద్యమునకు ఈ పరీక్ష మరింత అవసరము. ఆ పొగడ్తను సభలో గాక, దాతయు లేనిచోట, అతని పొరుగువానితో వచనములో చెప్పగలవా? చెప్పగలిగిన పద్యమే చదువదగినది.

జహీరాబాదు వంటి చోట ఈ విచారమునకు మరియొక ప్రయోజనము కలదు. 2016వరకు మెదకు జిల్లాలోను, అటుపిమ్మట సంగారెడ్డి జిల్లాలోను చేరిన ఈ ఊరు కర్ణాటకపు సరిహద్దున నున్నది. సమీపమునందలి ఝరాసంగముయొక్క కేతకీ సంగమేశ్వరాలయమునకు తెలుగువారితోపాటు కన్నడిగులును, మరాఠీవారును వచ్చుచుందురు. ఉర్దూ బజారుభాషయై వినబడును. మరాఠీ అభంగములును, ఉర్దూ గజళ్లును పాదాంతమున ప్రాసను కోరును. తెలుగు కన్నడముల పాతపద్యములు పాదముయొక్క తలలో కోరును. ఒకే సాయంకాలపు భజనలో రెండు తీరులును చెవిని పడుచున్నవి. ఇందులో నొక చిత్రము కలదు. తెలుగు ‘పాలు’ కన్నడమున ‘హాలు’, ‘పులి’ ‘హులి’, ‘పాడు’ ‘హాడు’, ‘వేడు’ ‘బేడు’, ‘విడు’ ‘బిడు’. తొలియక్షరము మారినది, రెండవది నిలిచినది. యతి యీ సరిహద్దును దాటలేకపోయినను ప్రాస దాటుచున్నది. అక్కచెల్లెండ్ర వంటి ఈ భాషలు దుస్తులు మార్చుకొన్నను ముఖకవళికను దాచలేకపోయినవి.

అయితే ఈ సులభత్వమును కన్నడ వచనములను తెలుగుపాటగా మార్చువారు జాగ్రత్తగా వాడుకొనవలెను. ధ్వని దాటినచోట అర్థమును దాటినదని నమ్మరాదు. వచనములలో మూలమున ప్రాసనియమము లేదు. ఆ స్వేచ్ఛలోనే అవి పుట్టినవి. వానిని ప్రాసబద్ధము చేయునప్పుడు ప్రతి పంక్తియందును మూలములో లేని మాట యొకటి చేరుటకు పొంచియుండును. అట్లు చేరిన మాటను పాడువారు బసవన్న మాటయనియే నమ్ముదురు. క్రింద ఆయన అంకితముండును గదా! తన మాటకు పూచీ పడుట ఒక యెత్తు. తన మాటకు బసవేశ్వరుని పూచీగా నిలుపుట మరియొక యెత్తు. అంతటి సాహసముకంటె ప్రాస లేని మంజరిలోనో, సూటియైన గద్యములోనో వ్రాయుట మేలు. అది కవిత్వమున ఓటమి కాదు. మారయ్య మిగులు బియ్యమును తిరిగి పోసివచ్చుట పేదరికము కానట్లే, కుదరని ప్రాసను విడుచుటయు అసమర్థత కాదు.

మఠములలో జయంతిపాటలను పరిశీలించు పెద్దలును, బడులలో పిల్లలకు గేయములు నేర్పువారును సాధారణముగా తాళము, ప్రాస సరిచూచి సంతృప్తి చెందుదురు. ఇంకొక్క ప్రశ్న అడిగినచో చాలును: ఈ మాట నీవు చెప్పవలెనని వచ్చినదా, ప్రాస చెప్పించినదా? పసివారికి ఈ ప్రశ్న అర్థము కాదనుకొనరాదు. ఇచ్చిన మాటకు ప్రాస చెప్పు ఆట పిల్లలకు మిక్కిలి యిష్టము. ‘నుడి’ యనిన వెంటనే గుడి, బడి, ఒడి, తడి, ముడి యని వారు పోటీపడి చెప్పుదురు. అప్పుడు ఒక్కొక్క మాటతో నిజమైన వాక్యమొకటి చెప్పుడని అడుగవలెను. ధ్వనిని వెదకుటలో ఉత్సాహమును, వాక్యమును నిలుపుటలో నిదానమును వారు ఒకేసారి నేర్చుకొందురు. ఇంతకంటె మంచి కవిత్వపాఠము లేదు. ఇంతకంటె మంచి నీతిపాఠమును లేదు.

ప్రాస యనగా ఒక పాదము ఇచ్చిన మాటను తరువాతి పాదము నిలుపుకొనుట. మొదటి పాదమున డకారము వినిపించినవాడు రెండవ పాదమున దానిని తప్పక తెచ్చును. తేనిచో విన్నవాడు వెంటనే పట్టుకొనును. మనము పద్యములో ఇంత కచ్చితముగా నుందుము. ఉదయమున ఇష్టలింగమును అరచేత నుంచుకొని పలికిన మాటకు సాయంకాలపు నడత ప్రాస కుదరకపోయినచో మాత్రము అంత కచ్చితముగా పట్టుకొనము. పాట వ్రాయుచు మాటకు మాటను వెదకు భక్తుడు, ఆ వెదకులాటలోని నిజాయితీని కొంత బ్రదుకులోనికి కొనిపోగలిగినచో అతని పాట యెట్లున్నను వ్యర్థము కాదు. ఆ నిజాయితీ లేనిచో నాలుగు పాదములును కుదిరిన పద్యమైనను అయిదవ పాదమును వెదకుచునే యుండును. ఆ అయిదవ పాదము కాగితముపై వ్రాసెడిది కాదు. నుడికి నడతయే ప్రాస.